రిమోట్ ట్రక్కులో బ్యాటరీ కదిలిందంటే ముప్పే

సంపాదకుల వారికి,

నమస్కారం. బ్యాటరీ పేలిందనో, ఇంట్లో మంటలు లేచాయనో వార్త వచ్చినప్పుడల్లా చివర్లో 'నాసిరకం బ్యాటరీయే కారణం కావచ్చు' అని ఒక ముక్క పడుతుంది. రిమోట్‌తో నడిపే బొమ్మ ట్రక్కుల వరకూ మా అభిప్రాయం వేరు. మంచి బ్యాటరీనే కొంటున్నారు. దాన్ని బండిలో కూర్చోబెట్టే తీరుతో పాడుచేసుకుంటున్నారు. ట్రేలో వదులుగా పడేసి, పైన బాడీ మూసి, గట్టు మీంచి దూకిస్తున్నారు. సంక్రాంతికీ వేసవి సెలవులకీ లంక ఇసుకల్లో, ఓడలరేవు, అంతర్వేది తీరాల్లో, కాలువ గట్ల మీద ఈ బండ్లు తిరగడం ఇప్పుడు మామూలైపోయింది. తీర్థాల్లో అమ్మే చిన్న బొమ్మ లారీ మొదలు అసలు బండిలో పదో వంతు సైజుండే ట్రక్కు దాకా చాలావాటిలో ఉంటున్నది లిథియం బ్యాటరీయే గనుక ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైనా పూర్తిగా వేయమని మనవి.

పదో వంతు సైజు ట్రక్కులో ఎక్కువగా వాడేది రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్. 7.4 వోల్టులు, 5000 ఎంఏహెచ్, బరువు పావు కిలో పైచిలుకు. లోపల రాగి రేకు, అల్యూమినియం రేకు, రెంటి మధ్య వెంట్రుక కన్నా పలచనైన ప్లాస్టిక్ పొర, ఇలా పొర మీద పొర. ఆత్రేయపురం పూతరేకును పెద్ద డబ్బాలో ఒక్కదాన్నే పడేసి గిలకొడితే ఏమవుతుందో, వదులు ట్రేలో ఉన్న ప్యాక్‌కీ అదే అవుతుంది. బండి దూకి నేలను తాకినప్పుడు కుదుపు పది రెట్లు అనుకుంటే, పావు కిలో ప్యాక్ రెండున్నర కిలోల బరువై ట్రే గోడను గుద్దుతుంది. అదీ ఒక మూలతో. మూల నొక్కుకుపోతే లోపలి ప్లాస్టిక్ పొర చిరుగుతుంది, రేకూ రేకూ కలుస్తాయి, షార్ట్ అవుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనబడకపోవచ్చు. ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాక గంటకో రెండు గంటలకో వేడెక్కడం మొదలవుతుంది. అందుకే చాలామందికి దెబ్బకూ మంటకూ ఉన్న సంబంధం తోచదు, నింద చార్జర్ మీదకో కంపెనీ మీదకో పోతుంది.

ట్రక్కుకు కొనాల్సింది గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న ప్యాక్. పైన పలచటి ప్లాస్టిక్ చుట్టిన మెత్త ప్యాకులు డ్రోన్లకు, విమానాలకు ఉద్దేశించినవి. అవి చవకగా, తేలిగ్గా ఉంటాయని ట్రక్కులో పెట్టడం మంచిది కాదు. పెట్టె ప్యాక్ మామూలు కొలత పొడవు సుమారు 139, వెడల్పు 47, ఎత్తు 25 మిల్లీమీటర్లు. పొట్టి రకం పొడవు 96 దాకా ఉంటుంది. కొనేముందు ట్రే లోపలి కొలత స్కేలుతో తీసుకోండి. వైరు బయటికొచ్చే చోట వంపుకు కొంత జాగా కావాలని మరిచిపోకండి. ఆ జాగా లేకపోతే వైరు పెట్టె అంచు దగ్గరే మడత పడి, లోపల సోల్డర్ చేసిన చోట తెగుతుంది.

ప్యాక్ పెట్టేముందు ట్రే లోపల వేలితో తడమండి. స్క్రూ మొన ఎక్కడైనా ఒక మిల్లీమీటరు పైకి పొడుచుకొచ్చినా అది ప్యాక్ అడుగున తొలుస్తూనే ఉంటుంది. పొట్టి స్క్రూ వేయాలి, లేదా కింద వాషర్ వేసి మొనను లోపలికి దించాలి. అచ్చు పోసిన ప్లాస్టిక్ అంచులు గరుకుగా ఉంటే ఆకురాయితో నునుపు చేయాలి. తర్వాత అడుగున రెండు మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ షీటు పరవండి. స్టేషనరీ దుకాణాల్లో క్రాఫ్ట్ పనులకు అమ్మే రంగు షీటు అదే, కొన్ని యోగా చాపలూ అదే సరుకు.

ఇక ఖాళీలు. ముందు నింపాల్సింది ముందూ వెనకా ఉన్న ఖాళీని. బండి బ్రేకు వేసినా, తాటిచెట్టు మొదలుకు గుద్దినా ప్యాక్ పరుగెత్తేది పొడవు వైపే. పక్కల ఖాళీ ఒక మిల్లీమీటరు ఉన్నా ఫర్వాలేదు, పొడవు వైపు ఉండకూడదు. ఖాళీ 8 మిల్లీమీటర్లు ఉంటే ఫోమ్‌ను మొత్తం 10 మిల్లీమీటర్లు వచ్చేలా పొరలుగా కోసి పెట్టండి. ప్యాక్ కొద్దిగా నొక్కుతూ కూర్చోవాలి. సుత్తితో కొడితే గానీ దిగదంటే మాత్రం అది అతి బిగువు. ఆటలో వేడికి ప్యాక్ పిసరంత ఉబ్బుతుంది, ఆ చోటు ఫోమ్ ఇవ్వాలి. కొన్ని వారాలకు ఫోమ్ అణిగిపోయి మళ్లీ పైకి లేవదు. అప్పుడు మార్చేయండి.

చేతికందింది కుక్కేయడం మన దగ్గర అలవాటు. కోనసీమలో కొబ్బరి పీచుకు కొదవ లేదు కదా అని పీచు కుక్కుతారు. అది తేమ పీల్చి పట్టుకుంటుంది, ఎండితే నిప్పుకు చప్పున అంటుకుంటుంది. బ్యాటరీ పక్కన దాన్ని పెట్టడమంటే పొయ్యిలో ఎండుటాకులు సిద్ధం చేయడమే. స్నానాల స్పాంజి ఉప్పునీళ్లు తాగి వదలదు. థర్మాకోల్ రెండు దూకుళ్లకే పొడి పొడి అవుతుంది. మడిచిన అట్టముక్క తడిస్తే ముద్ద. ఈవీఏ ఫోమ్ దొరక్కపోతే పాత హవాయి చెప్పు అడుగు కోసి వాడండి, మిగతావాటి కన్నా అదే నయం.

పట్టీ సంగతి. చాలా ట్రక్కుల్లో కంపెనీ ఇచ్చేది ఒక ప్లాస్టిక్ పట్టె, దాని చివర చిన్న క్లిప్పు పిన్ను. ప్యాక్ ఎత్తు ఆ పట్టెకు సరిపోతే బాగానే ఉంటుంది. పట్టె కింద ఖాళీ మిగిలితే మాత్రం ఫోమ్ అతికించాలి, లేకపోతే ప్యాక్ పైకీ కిందికీ ఎగురుతూ పట్టెను విరుస్తుంది. మా సలహా 20 మిల్లీమీటర్ల వెడల్పు వెల్‌క్రో పట్టీలు రెండు. ఒక్కటి చాలదు. నడిమధ్య ఒక్కటే వేస్తే ప్యాక్ దాని చుట్టూ తిరుగుతుంది. ఒక్కో చివరి నుంచి మూడేసి సెంటీమీటర్లు వదిలి ఒక్కో పట్టీ రావాలి. పట్టీ ఛాసిస్ పలక కిందుగా, చీలికల్లోంచి దూరి పైకి రావాలి. ఆ చీలిక అంచులు పదునుగా ఉంటే పట్టీ నూలునూలుగా తెగుతుంది, కాబట్టి ఆకురాయి అక్కడా పెట్టాలి. ఛాసిస్ కిందికి దిగిన పట్టీ నేలకు రాచుకోకుండా గాడిలో కూర్చుంటుందో లేదో బండి తిరగేసి చూడండి.

బిగువు ఎంత ఉండాలంటే, బాడీ తీసేసి బండిని తలకిందులు చేసి గట్టిగా పదిసార్లు ఊపండి. టకటక చప్పుడు వినిపించకూడదు, ప్యాక్ అంచు దగ్గర గీసిన పెన్సిలు గీత జరగకూడదు. మరోవైపు, పట్టీ కింద పెట్టె మూత లోపలికి సొట్టబోయినట్టు కనిపిస్తే ఎక్కువ బిగించారన్నమాట. జిప్ టై వద్దు. మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నటి పట్టీ ప్యాక్‌లోకి దిగబడుతుంది. పైగా పొగ వస్తున్నప్పుడు చేత్తో విప్పలేం, కత్తెర వెతుక్కోవాలి. పురికొసతో కట్టడమూ అంతే, ముడి విప్పేలోపు పని అయిపోతుంది. వెల్‌క్రోతో మేలు అదే, ఒక్క లాగుతో ఊడొస్తుంది. సైకిలు ట్యూబు ముక్క ఒక పూటకు సరే, రోజూ ఎండలో ఉంటే పగుళ్లిచ్చి సరిగ్గా దూకే వేళకే తెగుతుంది. డబుల్ టేపు వేసవి వేడికి జారిపోతుంది.

మన తీరపు ఇసుక గురించి విడిగా చెప్పాలి. సన్నటి ఇసుక రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. ఒకటి, వెల్‌క్రో కొక్కేల్లో దూరి పట్టు వదులు చేస్తుంది. పాత టూత్ బ్రష్‌తో గీకి దులిపితే పట్టు మళ్లీ వస్తుంది. దులిపినా పట్టకపోతే కొత్త పట్టీ వేయాలి. రెండోది, ప్యాక్‌కూ ట్రేకూ మధ్య చేరి గరుకు కాగితంలా రుద్దుతుంది. ప్యాక్ తీసి అడుగు చూడండి. మెరుపు పోయి తెల్లగా గీతలు పడి ఉంటే ఇసుక పని చేస్తోందని అర్థం. ఇసుకలో ఆడిన ప్రతిసారీ ప్యాక్ తీసి, ట్రేని బోర్లించి బ్రష్‌తో తుడవాల్సిందే. ట్రే అడుగున ఇసుక, నీళ్లు జారిపోయే కన్నాలు ఉంటే వాటి మీద ఫోమ్ కప్పేయకండి, ఆ మేరకు ఫోమ్‌కూ కన్నం పెట్టండి.

వైర్ల దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. లావు వైర్ల మీద ఉండే శ్రద్ధ సన్నటి బ్యాలెన్స్ లీడ్ మీద, అంటే చార్జర్ ఒక్కో సెల్లునూ విడిగా చూసుకునే వైర్ల జత మీద ఉండదు. రెండు సెల్లుల ప్యాక్‌కు అది మూడు వైర్లు, మూడు సెల్లులకు నాలుగు. ఇంత సన్నగా ఉంది, దీనివల్ల ఏమవుతుందిలే అనుకుంటారు. ఆ వైర్లు నేరుగా సెల్లుకే కలిసి ఉంటాయి, మధ్యలో ఫ్యూజు ఉండదు. అది జారి గేరు పళ్ల మధ్య పడ్డా, తిరిగే షాఫ్టుకు చుట్టుకున్నా, పట్టె కింద నలిగినా పైతొడుగు చిరిగి రెండు వైర్లు కలుస్తాయి. క్షణాల్లో ఎర్రగా కాలి పక్కనున్న ప్లాస్టిక్‌ను అంటిస్తుంది. లీడ్‌ను మడిచి ప్యాక్ మీదే వెడల్పాటి టేపుతో అంటించండి, లేదా పట్టీ కింద కాకుండా రెండు పట్టీల మధ్య కూర్చోబెట్టండి. కొసన ప్లగ్గుకు చిన్న ప్లాస్టిక్ తొడుగు దొరుకుతుంది, అది వేస్తే ఇసుక, తేమ దూరవు. ప్యాక్‌ను బయటికి తీసేటప్పుడు వైరు పట్టుకు లాగకండి, లాగే వీలుకు ట్రే అడుగున ఒక రిబ్బను ముక్క ముందే పరిచి పెట్టుకోండి.

ప్లగ్గు మార్చాలనుకుంటే ఒక వైరు కోసి, సోల్డర్ చేసి, స్లీవ్ వేసి, అది పూర్తయ్యాకే రెండో వైరు ముట్టుకోవాలి. రెండు వైర్లు కలిపి కటింగ్ ప్లేయర్‌తో కోస్తే కత్తి అంచు మీదే షార్ట్ అవుతుంది. ఎక్స్‌టీ60 రకమైతే లోహం బయటికి కనబడని ఆడ ప్లగ్గు బ్యాటరీ వైపు ఉండాలి. పాత తెల్ల టామియా ప్లగ్గులు ఎక్కువ కరెంటు తాగే మోటార్లకు చాలవు, వేడెక్కి కరుగుతాయి. ఆట అయ్యాక ప్లగ్గు పట్టుకు చూస్తే తెలుస్తుంది: ప్యాక్ కన్నా ప్లగ్గే వేడిగా ఉంటే లోపల పట్టు పోయిందన్నమాట.

ఉప్పుగాలి, ఉప్పునీళ్లు మన ప్రాంతపు ప్రత్యేక బాధ. పెట్టె మీద 'వాటర్‌ప్రూఫ్' అని ఉంటే రొయ్యల చెరువు గట్టున బురదలోకీ దింపేస్తున్నారు. ఆ మాట సాధారణంగా మోటారు కంట్రోలర్, సర్వో (చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు), రిసీవర్ల గురించి. బ్యాటరీ గురించి కాదు. కాలువ మంచినీళ్లలో ఒకసారి తడిస్తే తుడిచి ఆరబెడితే సరిపోతుంది. ఉప్పునీళ్లు తగిలితే ప్లగ్గు రెండు కాళ్ల మధ్య కరెంటు పారుతూ రాగికి చిలుము పడుతుంది. వెంటనే ప్యాక్ విడదీసి, ప్లగ్గును మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీడన ఆరనివ్వండి. నీళ్లు పెట్టె అతుకులోంచి లోపలికి పోయాయేమోనని అనుమానముంటే ప్యాక్‌ను ఊపి వినండి, తర్వాత ఒకరోజు ఆరుబయట పెంకు మీద ఒంటరిగా ఉంచండి. మూడు నాలుగు రోజులు వరసగా సెల్లుల వోల్టేజీ చూడండి. వాడకుండానే ఒక సెల్లు రెండోదాని కన్నా 0.1 వోల్టు కిందికి జారిందంటే లోపల చిలుము పని మొదలైనట్టే, ఆ ప్యాక్‌ను ఇక బండిలో పెట్టకండి. వైరు బయటికొచ్చే సందును సిలికాన్‌తో మూయడం మంచి పనే, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వాడకండి. ఆ వాసన ఆమ్లానిది, రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. ప్యాక్‌ను బెలూనులోనో ప్లాస్టిక్ సంచిలోనో చుట్టేయడం మాత్రం వద్దు, వేడి బయటికి పోదు.

వేడికి మా కొలత చెయ్యే. బండి ఆపగానే ప్యాక్ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆన్చలేకపోతే దాదాపు 60 డిగ్రీలు దాటుతోందని అనుకోవచ్చు. పెద్ద గేరు వేశారో, గడ్డిలో అతిగా నడిపారో చూసుకోవాలి. రాజమహేంద్రవరం వైపు మే నెల ఎండల్లో బండి నడపకపోయినా స్కూటరు డిక్కీలో, తలుపులు మూసిన కారులో వేడి చాలు ప్యాక్ ఉబ్బడానికి.

మోటారు కంట్రోలర్‌లో లైపో మోడ్ పెట్టారో లేదో కొన్న రోజే చూడండి. నికెల్ బ్యాటరీల మోడ్‌లో ఉంటే అది చార్జ్ తగ్గినా బండిని సమయానికి ఆపదు. సెల్లు 3.2, 3.3 వోల్టుల దగ్గర ఆగిపోవాలి, 3.0 కిందికి ఎప్పుడూ పోకూడదు. బ్యాలెన్స్ ప్లగ్గుకు తగిలించే చిన్న అలారం 3.5కు పెట్టుకుంటే ముందే అరుస్తుంది. ఆట అయ్యాక దాన్ని ఊడదీయాలి. మరిచిపోతే రాత్రంతా అదే ప్యాక్‌ను కొంచెం కొంచెం తాగి సెల్లులను ఎగుడుదిగుడు చేస్తుంది. 3 వోల్టులకు చాలా కిందికి జారి ఎక్కువ రోజులు పడున్న ప్యాక్‌లో రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసేటప్పుడు లోపల పేరుకుని షార్ట్ చేయవచ్చు. చార్జర్ 'ఎర్రర్' అంటుంటే నికెల్ మోడ్‌లో కాసేపు పెట్టి లేపే చిట్కా ఒకటి చెప్పుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

చార్జ్ చేసేటప్పుడు ప్యాక్ బండిలోంచి బయటికి రావాలి. బ్యాలెన్స్ మోడ్, 5000 ఎంఏహెచ్‌కు 5 ఆంప్స్ మించకుండా, సెల్లుకు 4.20 వోల్టుల దాకా. సిమెంటు గచ్చు మీద, చుట్టూ మీటరు మేర ఏమీ లేకుండా పెట్టండి. తాటాకు పాకలో, గడ్డిమేటు పక్కన, పరుపు మీద అసలు వద్దు. చార్జింగ్ పెట్టి నిద్రపోకండి. పక్కన పొడి ఇసుక బకెట్ ఉండాలి. పొగ వస్తే ముందు ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపి, పిల్లల్ని బయటికి పంపి, ఇసుక పోయండి. ఆ పొగ విషం, పీల్చకూడదు. మంట పక్క సామానుకు పాకితే, స్విచ్ ఆపేశాక, ధారాళంగా నీళ్లు కొట్టవచ్చు. చెంబుడు చల్లితే ప్రయోజనం లేదు.

గట్టి దెబ్బ తగిలిన ప్యాక్‌ను ఇంట్లోకి తేకండి. ఆరుబయట ఇటుకల మధ్య, మూత లేకుండా, కనీసం కొన్ని గంటలు. బిగువైన డబ్బాలో పెడితే గ్యాసు పట్టి డబ్బాయే బాంబవుతుంది. ఉబ్బిందా లేదా తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పెట్టె మీద స్టీలు స్కేలు అడ్డంగా నిలబెట్టి వెలుతురుకు పెట్టి చూడండి. స్కేలు మధ్యలో ఆని, రెండు అంచుల దగ్గర వెలుతురు కనిపిస్తే లోపల సెల్లు ఉబ్బింది. గచ్చు మీద పెట్టి తిప్పితే బొంగరంలా తిరిగినా అదే అర్థం. ఆ ఉబ్బును పట్టీతో నొక్కి కట్టేవాళ్లున్నారు. సూది గుచ్చి గ్యాసు తీసేవాళ్లూ ఉన్నారు. అది నిప్పుతో ఆట.

సెలవులు అయిపోయాక బండి అటకెక్కుతుంది. నిండా చార్జ్‌తో ఎక్కిన ప్యాక్ ఉబ్బుతుంది, ఖాళీగా ఎక్కింది చస్తుంది. చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్లుకు 3.80 నుంచి 3.85 వోల్టులకు, అంటే రెండు సెల్లులకు 7.6, 7.7కు తెచ్చి, బండిలోంచి తీసి, ప్లగ్గుకు తొడుగు వేసి, చల్లటి చోట పెట్టండి. రెండు మూడు నెలలకోసారి కొలిచి చూస్తే చాలు. తీర్థంలో కొన్న చిన్న లారీల్లో కొన్నిటిలో 18650 అనే గుండ్రటి లిథియం సెల్లులు పలచటి ప్లాస్టిక్ తొడుగులో చుట్టి ఉంటాయి. వాటికీ ఇదే పద్ధతి. ముఖ్యంగా ఆ తొడుగు చిరిగితే సెల్లు ఒంటి లోహం బయటపడుతుంది, అది మైనస్ కొసే. ప్లస్ వైరు రాచుకుంటే షార్ట్.

పాడైన ప్యాక్‌ను ఉప్పునీళ్ల బకెట్‌లో ముంచమని చెప్పుకుంటారు. ఆ నీళ్లు ముందు ప్లగ్గునూ కొసల్నీ తినేస్తాయి, లోపల కరెంటు అలాగే మిగులుతుంది. 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి, ఆరుబయట కొన్ని గంటలు వెలగనిచ్చి, వోల్టేజీ సున్నాకు వచ్చాక వైర్లకు విడివిడిగా టేపు చుట్టాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, విడిగా అప్పగించాలి. వాటిని సేకరించే బాధ్యత ఆ నిబంధనల్లో ప్రధానంగా తయారీదారులది, అయినా స్థానిక సంస్థలూ ఒక చోటు చూపితే మేలు. డెల్టాలోని ప్రతి మున్సిపాలిటీ, పెద్ద పంచాయతీ కార్యాలయం ముందు ఇసుక నింపిన ఇనుప పెట్టె ఒకటి పెట్టించమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. ప్రస్తుతం ఇవి పాత ఇనుప సామాను బండికో కాలువలోకో పోతున్నాయి.

ట్రక్కులు అమ్మే దుకాణదారులకు కూడా ఒక విన్నపం. బండితో వచ్చే ఇంగ్లిష్, చైనీస్ కాగితం మన ఇళ్లలో ఎవరూ చదవరు. 4.20, 3.80, 3.3 అనే మూడు అంకెలు, ఆ ప్యాక్‌కు ఎన్ని ఆంప్స్ పెట్టాలో ఒక అంకె తెలుగులో రాసిన చీటీ చార్జర్ మీద అంటించి ఇవ్వండి. అమ్మేటప్పుడే కొన్నవాళ్ల ఎదుట ప్యాక్‌ను ట్రేలో పెట్టి, ఖాళీ కొలిచి, ఫోమ్ కోసి బిగించి, బండిని తలకిందులు చేసి ఊపి చూపించండి.

ఇట్లు,
ఆర్‌సీ (రిమోట్) ట్రక్కులు నడిపే, బాగుచేసే కొందరం,
అమలాపురం